పక్కవాద్యకారులు: దిగువ కృష్ణా డెల్టా లయ సంప్రదాయం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో మృదంగం, మద్దెల, డక్కీ, డోలు, డప్పు వాయించే వారందరినీ ఈ వ్యాసం లయకారులు అన్న ఒక్క పేరుతో పిలుస్తోంది. వారి కులాలు వేరు, వేదికలు వేరు, చేతికందే సంభావనలు వేరు. కూచిపూడి భాగవతుల పక్కన కూర్చుని మృదంగం వాయించే విద్వాంసుడికీ, అమ్మవారి జాతరలో ఎండన నడుస్తూ డప్పు కొట్టే మనిషికీ మధ్య సమాజం పెట్టిన దూరం చాలా ఉంది. అయినా ఒక విషయంలో ఇద్దరి స్థితీ ఒకటే. చూడవచ్చిన వాళ్ల కళ్లు ఎప్పుడూ మరొకరి మీద ఉంటాయి: సత్యభామ జడ మీద, కథకుడి తంబురా మీద, ఊరేగుతున్న అమ్మవారి మీద. లయకారుడు చెయ్యి ఆపితే ఆట ఆగిపోతుందని అందరికీ తెలుసు. ఆయన పేరు మాత్రం ఊరు దాటదు. కథకుల, నర్తకుల చరిత్ర ఇప్పటికే చాలా రాశారు కాబట్టి ఈ వ్యాసం పక్కన కూర్చున్న వాళ్ల వైపు నుంచి చూస్తుంది.

భాష కూడా వీరికి న్యాయం చేయలేదు. తెలుగులో ‘వంత పాడటం’ అంటే ఆలోచన లేకుండా ఒకరు చెప్పిందానికి తలూపడం. ‘తాళం వేయడం’ అంటే ముఖస్తుతి. ‘డప్పు కొట్టుకోవడం’ అంటే గొప్పలు చెప్పుకోవడం. వంత, తాళం, డప్పు మూడూ ఈ నేల మీద ఎంతో కష్టపడి నేర్చుకోవలసిన విద్యలు. వాడుకలోకి వచ్చేసరికి మూడూ తిట్లయ్యాయి. లయకారుడి బాధను గుర్తించిన మాట ఒక్కటే ఉంది, రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందనే సామెత. రోలుకు ఒక వైపే దెబ్బలు, మద్దెలకు రెండు వైపులా. ఆ సామెత కట్టిన వాళ్లు మద్దెల వాయించే మనిషిని దగ్గర నుంచి చూసి ఉండాలి.

జాయపసేనాని, దొరకని గ్రంథం

ఈ ప్రాంతం నుంచి సంగీత నృత్య శాస్త్రాల మీద గ్రంథాలు రాసిన వారిలో పేరు నిలిచిన తొలి వ్యక్తి దివిసీమ వాడే. 13వ శతాబ్ది ఆరంభంలో కాకతీయ గణపతిదేవుడు దివిసీమను జయించి, అక్కడ పాలిస్తున్న అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లి చేసుకున్నాడు. వారి సోదరుడు జాయపను తన దగ్గరే పెంచి, గుండామాత్యుడి వద్ద నాట్యవిద్య చెప్పించాడు. జాయప పెద్దవాడై కాకతీయుల గజసైన్యానికి అధిపతి అయ్యాడు. 1253-54లో సంస్కృతంలో ‘నృత్త రత్నావళి’ పూర్తిచేశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగూ మార్గ పద్ధతికి, చివరి నాలుగూ దేశి పద్ధతికి కేటాయించాడు. ఏనుగుల దళాన్ని నడిపిన సేనాని జనం మధ్య ఆడే కోలాటం, చిందు వంటి ఆటలను కూడా శాస్త్రగౌరవంతో వర్ణించడం ఆ గ్రంథానికి ప్రత్యేకత.

జాయప రాసిన రత్నావళులు మూడు. నృత్త రత్నావళితో పాటు గీత రత్నావళి, వాద్య రత్నావళి కూడా రచించాడు. ఆ రెండూ ఇంతవరకు దొరకలేదు. నృత్తం మీద రాసినది వి. రాఘవన్ పరిష్కరణతోనూ, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు అనువాదంతోనూ ఆధునిక పాఠకులకు అందింది. వాద్యం మీద రాసినదే పోయింది. దివిసీమలో పుట్టిన మనిషి ఆనాటి మద్దెలల గురించి, వాటి మీద పలికే పాటాక్షరాల గురించి ఏం చెప్పి ఉంటాడో ఊహించుకుంటే ఆ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. నృత్త రత్నావళిలోని పేరిణి అనే నృత్యపు వర్ణనను, రామప్ప గుడి శిల్పాలను ఆధారంగా చేసుకుని నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దిలో పేరిణిని మళ్లీ నిలబెట్టారు. పేరిణి చూసిన వారికి ఆ నృత్యంలో వాద్యం వాటా ఎంతో చెప్పక్కర్లేదు. నర్తకుడి శరీరం మద్దెల మోతతోనే వణుకుతుంది, మోతతోనే ఆగుతుంది.

కూచిపూడి మృదంగం

కూచిపూడి గ్రామం కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉంది. క్షేత్రయ్య పదాల్లోని గోపాలుడు కొలువున్న మొవ్వ పక్కనే. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా 1678 ప్రాంతంలో మచిలీపట్నం వైపు ప్రయాణిస్తూ ఇక్కడి భాగవతుల ఆట చూసి మెచ్చి ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని స్థానిక చరిత్ర. సిద్ధేంద్రయోగి భామాకలాపం, తీర్థనారాయణ యతి తరంగాలు ఈ సంప్రదాయానికి ఆధారాలు. ఈ కథంతా చాలామందికి తెలిసిందే. కూచిపూడి మేళంలో మృదంగం చేసే పని గురించి మాత్రం ఎప్పుడూ ఒకటి రెండు వాక్యాల్లో ముగించేస్తారు.

గాత్ర కచేరీలో మృదంగ విద్వాంసుడు వినవలసింది ప్రధానంగా పాటను. కూచిపూడి మేళంలో ఆయన మూడింటిని ఒకేసారి పట్టుకోవాలి. ఒకటి పాట. రెండోది నట్టువాంగం చేసే గురువు నోట వచ్చే జతులు, చేతిలో మోగే తాళాలు. మూడోది నర్తకి పాదం. ఈ మూడోదానికి చెవి ఒక్కటే చాలదు, కన్ను కావాలి. పాదం లేస్తున్నప్పుడే అది మడమతో పడుతుందా, వేళ్లతో పడుతుందా, పూర్తిగా నేలను తాకుతుందా అని పసిగట్టి, గజ్జె మోగిన క్షణంలోనే మృదంగం కుడివైపు వలంతల మీద వేలు పడాలి. రవ్వంత ఆలస్యమైతే గజ్జె వేరుగా, మృదంగం వేరుగా వినిపించి జతి పట్టు సడలుతుంది. ముందుగా నేర్చుకున్న జతులైతే అభ్యాసంతో కుదురుతాయి. పరకాయ ప్రవేశం చేసినట్టు అభినయిస్తూ నర్తకి ఆ రోజు ఒక చూపు కాస్త ఎక్కువసేపు నిలిపితే? అప్పుడు మృదంగం దట్టమైన నడకను వదిలి, కాలం చెడకుండా, చిన్న చిన్న మీటులతో ఆమె కోసం కాచుకుని ఉండాలి. మళ్లీ ఆమె అడుగు కదిలిందో లేదో ఎడమవైపు తొప్పి మీద గుముకి పలకాలి. ఈ కాచుకోవడమే కూచిపూడి మృదంగంలో అతి కష్టమైన విద్య. వేగంగా వాయించడం సాధనతో వస్తుంది. ఎక్కడ వాయించకూడదో తెలియడానికి ఏళ్లు పడుతుంది.

‘దరువు’ అనే మాటనే చూడండి. వాద్యం మీద వరుసగా పడే దెబ్బను దరువు అంటాం. కూచిపూడిలోనూ యక్షగానంలోనూ పాత్ర తెర వెనుక నుంచి వచ్చి తానెవరో చెప్పుకునే పాటనూ దరువే అంటారు. పాత్ర ప్రవేశానికీ మద్దెల దెబ్బకూ భాష ఒకే పేరు పెట్టింది. భామాకలాపంలో తెర మీదుగా సత్యభామ జడ కనిపించే ప్రసిద్ధ ఘట్టంలో ఆమె ముఖం చూడకముందే ఆమె గర్వం ఎలాంటిదో నడక ద్వారా చెప్పేది మృదంగమే. అదే వాద్యం కృష్ణుడికి ఒకలా, చెలికత్తె మాధవికి మరొకలా అడుగు వేయిస్తుంది. మైకులు లేని రోజుల్లో, కాగడాల మీద గుగ్గిలం చల్లి మంటలు ఎగదోస్తూ తెల్లవార్లూ ఆడే ఆటల్లో, చివరి వరుసలో చాప పరుచుకున్న వాళ్ల దాకా తేలిగ్గా చేరింది మద్దెల మోతే. ఆట మొదలు కాబోతోందని ఊరికి కబురు చెప్పిందీ అదే.

తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి పాదాలతో పళ్లేన్ని కదుపుతూ ఆడుతుంది. పళ్లెం నేలను రాసుకునే చప్పుడు కూడా ఇక్కడ లయలో భాగమే. ఆ గరగర శబ్దానికి చోటు వదిలి వాయించే మృదంగాన్ని, దాన్ని ముంచేసే మృదంగాన్ని పక్కపక్కన వింటే పక్కవాద్యంలో రుచి అంటే ఏమిటో ఎవరికైనా బోధపడుతుంది.

వాద్యం సంగతి కూడా చెప్పాలి. మృదంగం గుల్లను ఎక్కువగా పనసచెక్కతో తొలుస్తారు. కుడివైపు వలంతల మీద నల్లటి కరణ ఉంటుంది. ఎడమవైపు తొప్పికి వాయించే ముందు తడిపిన రవ్వముద్ద అద్దుతారు; ఆ ముద్ద బరువుతోనే మంద్రంలో గుముకి పలుకుతుంది. డెల్టా గాలిలో సముద్రపు తేమ ఎక్కువ. తోలు తేమ పీల్చుకుని సడలుతుంది, శ్రుతి దిగుతుంది. అంచు మీద రాయితో తడుతూ, వార్ల కింద పుల్లలు బిగిస్తూ, ఆట మధ్యలో దొరికిన క్షణాల్లోనే దాన్ని మళ్లీ శ్రుతిలోకి తెచ్చుకోవడం ఇక్కడి వాద్యకారుడికి రోజూ ఉండే పని. ప్రేక్షకులు దాన్ని చూడరు.

దూరదేశపు పోలిక: బిల్ వార్డ్

పక్కవాద్యకారుడి విలువను ఆలస్యంగా గుర్తించడం తెలుగు నేలకే పరిమితమైన విషయం కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపు ఆస్టన్ వాడలో 1948 మే 5న పుట్టిన బిల్ వార్డ్ ఇందుకు మంచి ఉదాహరణ. హెవీ మెటల్ అనే గట్టి, బరువైన సంగీత శాఖకు పునాది వేసిన బ్లాక్ సబ్బాత్ బృందంలో ఆయన డ్రమ్స్ వాయించాడు. ఆ బృందం తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో రెండోది, ‘పారనాయిడ్’. పాడిన ఆజీ ఆస్బోర్న్ పేరు, గిటార్ వాయించిన టోనీ అయోమీ పేరు లోకమంతా తెలిశాయి. అయోమీ రేకుల కార్ఖానాలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న కథ కూడా అభిమానులందరికీ తెలుసు. వార్డ్ గురించి మాట్లాడేవారు చాలాకాలం తక్కువే.

కారణం ఆయన శైలిలోనే ఉంది. వార్డ్ చిన్నప్పుడు జీన్ క్రూపా, బడ్డీ రిచ్ వంటి అమెరికన్ జాజ్ డ్రమ్మర్లను విని పెరిగాడు. అందుకే ఎంత బరువైన గిటార్ వరుస వెనుక వాయించినా ఆయన చేతుల్లో జాజ్ ఊపు ఉంటుంది. గడియారంలా ఒకే తీరున దెబ్బ వేస్తూ పోడు. గిటార్ వరుస ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ తాను పలుకుతాడు, అది మళ్లీ అందుకున్నప్పుడు వెనక్కి తగ్గుతాడు. బృందం పేరే పెట్టుకున్న ‘బ్లాక్ సబ్బాత్’ పాటలో నెమ్మదిగా, భయం పుట్టేలా పడే టామ్ డ్రమ్ము దెబ్బలు, ‘వార్ పిగ్స్’లో ఖాళీల్లో మెరిసే హైహ్యాట్ తళుకులు, 1971 నాటి ‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్’లో పొరలు పొరలుగా పేర్చిన టామ్‌ల గుర్రపు పరుగు వింటే ఈ తీరు అర్థమవుతుంది. తర్వాతి కాలంలో మెటల్ డ్రమ్మర్లు చాలామంది వేగాన్నీ కచ్చితత్వాన్నీ ఆదర్శంగా తీసుకున్నారు. ఆ కొలబద్దతో చూస్తే వార్డ్ సడలుగా ఉన్నట్టు అనిపిస్తాడు. అది సడలు కాదు, వినికిడి. నిదానంగా, బరువుగా నడిచే డూమ్ మెటల్ శాఖ మొత్తం ఆ వినికిడి మీదే నిలబడింది.

2006లో బ్లాక్ సబ్బాత్ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినప్పుడు వార్డ్ పేరు కూడా ఉంది. కానీ ఒప్పందం విషయంలో పొసగక 2012లో ఆయన మొదటి సభ్యుల పునఃకలయిక నుంచి తప్పుకున్నాడు. 2013లో వచ్చిన ‘13’ ఆల్బమ్‌లో డ్రమ్స్ బ్రాడ్ విల్క్ వాయించాడు. ఆ ఆల్బమ్‌లో దెబ్బ ఎక్కడా తప్పదు. పాత రికార్డుల్లో ఉన్న ఆ కాచుకోవడం మాత్రం లేదు. పక్కన కూర్చున్న మనిషి మారితే ఏం మారుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అరుదు. 2025 జులై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో నలుగురు మొదటి సభ్యులూ చివరిసారి కలిసి వాయించినప్పుడు వార్డ్ తిరిగి డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత 17 రోజులకే ఆజీ కన్నుమూశాడు. కూచిపూడి మృదంగ విద్వాంసుడికి వార్డ్ వాయించింది వినిపిస్తే చప్పుడు కొత్తగా అనిపించవచ్చు, పని మాత్రం తనదేనని గుర్తుపడతాడు.

గుడివాడ పక్కన సూరయ్య

గుడివాడకు దగ్గరలోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు గురించి తెలియని తెలుగువారు లేరు. ఆయన తండ్రి సూర్యనారాయణను ఊళ్లో సూరయ్య అనేవారు. సూరయ్య మృదంగం వాయిస్తూ భజనల్లో పాడేవాడు. ఎక్కడ సంగీతం జరిగితే అక్కడికి కొడుకును భుజాన ఎత్తుకుని తీసుకెళ్లేవాడు. తండ్రి తరంగాలు పాడుతూ మృదంగం వాయిస్తుంటే పసివాడు నాట్యం చేసేవాడనీ, జనం అతణ్ని బాలభరతుడని ముద్దుగా పిలిచేవారనీ ఘంటసాల జీవితచరిత్రలు చెబుతాయి. కొడుకు చిన్నతనంలోనే సూరయ్య పోయాడు. సంగీతం నేర్చుకోవాలన్న కోరికతో ఘంటసాల విజయనగరం వెళ్లి, మహారాజా సంగీత కళాశాలలోనూ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గరా చదివాడు. ఆ తర్వాతి కథ సినిమా చరిత్రలో భాగం.

విజయనగరంలో నేర్చుకున్న శాస్త్రం గురించి విమర్శకులు చాలా రాశారు. చౌటపల్లిలో మృదంగం మోత మధ్య గడిచిన ఆ తొలి ఏళ్ల గురించి రాసింది తక్కువ. ఘంటసాల పాటల్లో పదం ఎప్పుడూ తాళం మీద బలంగా పడి, వెంటనే దాని నుంచి జారి, తిరిగి సమానికి చేరుతుంది. మాటను ఒత్తి పలికే చోట కూడా లయ చెదరదు. పాట కన్నా ముందు పాదంతో తాళం నేర్చుకున్న పిల్లవాడి అలవాటు అది అని ఈ వ్యాసకర్త నమ్మకం. ఆ అలవాటు చేసిన మృదంగం సూరయ్యది. ఆయన వాయించింది ఏ రికార్డులోనూ లేదు. కొడుకు గొంతులో ఉంది.

భజన సంప్రదాయం ఈ ప్రాంతంలో ఊరూరా ఉన్నదే. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో భక్త నరసింహం 1929లో పాండురంగస్వామి గుడి కట్టించాక, కార్తీక మాసంలో అక్కడికి చేరే జనంతో మద్దెల, చిడతల చప్పుడు మరింత బలపడింది. భజన మద్దెలకు కచేరీ మృదంగం నాజూకు ఉండదు. గుంపు మొత్తాన్ని ఒకే అడుగులో నడిపించడం దాని పని. సూరయ్య లాంటి వాళ్లు తయారైంది అలాంటి గుంపుల్లోనే.

బుర్రకథ డక్కీలు

జంగం కథ, శారద కథ, తందాన కథ వంటి పాత రూపాల నుంచి బుర్రకథ వచ్చింది. మధ్యలో కథకుడు. భుజాన తంబురా, కుడిచేతి బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. ఇరువైపులా ఇద్దరు వంతలు. వారి చేతుల్లో డక్కీలు. బుడిగలనీ, గుమ్మెటలనీ కూడా పిలిచే ఈ వాద్యాల గుల్లను మట్టితోనో ఇత్తడితోనో చేస్తారు. వంతల్లో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. అంటే ఒకరు కథలోంచి నవ్వు తీస్తే, మరొకరు కథను ఈనాటి సంగతులతో ముడిపెడతారు.

ఒక వంత కళాకారుడు ఒక రాత్రి చేసే పనులు లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. నిలబడి, అడుగు వేస్తూ, డక్కీ వాయించాలి. కథకుడు చరణం ముగించగానే పల్లవి అందుకోవాలి. మధ్యలో ఊరి పెద్దగానో, సిపాయిగానో, భయపడ్డ పల్లెటూరి మనిషిగానో మారి ప్రశ్నలు వేయాలి. జనాన్ని నవ్వించి, ఆ నవ్వు అణగకముందే మళ్లీ దరువులోకి రావాలి. కథకుడు వచనం చెప్పేటప్పుడు డక్కీ ఊరుకోదు, అలాగని మాటను కప్పదు. వాక్యం చివర ఒక్క దెబ్బ వేసి చుక్క పెడుతుంది. యుద్ధఘట్టంలో రెండు డక్కీలూ పోటీపడి కాలం పెంచుతూ పోయి, వీరుడు కూలిన చోట ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో కథకుడి గొంతు ఒంటరిగా వినిపిస్తుంది. జనం ఏడ్చేది అక్కడే. ఆ కన్నీళ్లకు కథకుడికి వచ్చిన మెప్పులో సగం, దరువు సరిగ్గా ఆపిన ఇద్దరికీ చెందుతుంది.

1943లో దేశవ్యాప్తంగా ప్రజా నాటక ఉద్యమం మొదలయ్యాక ఆంధ్రలో ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు నాయకత్వంలో బుర్రకథను ఆధునిక రాజకీయ వేదికగా మార్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు వాసి షేక్ నాజర్ (1920-1997) పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు కథలతో ఆ ప్రక్రియకు శిఖరం. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ ‘పింజారి’ చదివితే పేదరికం నుంచి వచ్చిన కళాకారుడు గొంతునూ లయనూ ఎలా సాధించుకున్నాడో తెలుస్తుంది. దిగువ డెల్టాలోని కమ్యూనిస్టు గ్రామాలకు ప్రజానాట్యమండలి దళాల కథలు సుపరిచితం. కౌలు రైతు, కూలి, కరువు అనే మాటలు డక్కీ దరువు మీద ఈ పొలాల గట్లకు చేరాయి.

ఈ ఉద్యమం చేసిన మరో మేలు, డక్కీని ఆడవాళ్ల చేతికి ఇవ్వడం. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజినిల మహిళా బుర్రకథ దళం ఆ రోజుల్లో పెద్ద సంచలనం. వందల మంది మగవాళ్ల ముందు ఆడపిల్ల నిలబడి పాడటమే తప్పనుకునే కాలం అది. అలాంటప్పుడు వాద్యం పట్టుకుని, గజ్జె కట్టి, రాజకీయం మాట్లాడటానికి ఎంత గుండె కావాలో నేడు ఊహించడం కష్టం. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ (1918-2018) కూడా ప్రజానాట్యమండలిలో పాడారు. 2012లో వచ్చిన ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ ఆ తరం స్త్రీలు వేదిక కోసం ఏం చెల్లించారో చెబుతుంది.

డోలు, బ్యాండు

పెళ్లిలో సన్నాయి పక్కన డోలు తప్పనిసరి. ఒక వైపు పుల్లతో, మరో వైపు గట్టి తొడుగులు వేసుకున్న వేళ్లతో వాయిస్తారు. ఆంధ్రలో ఎక్కువగా నాయీబ్రాహ్మణులు ఈ విద్యను కాపాడుతూ వచ్చారు. తాళి కట్టే క్షణంలో గట్టిమేళం అనగానే డోలు ఎగసిపడటం అందరూ వింటారు. అంతకు ముందు గంటసేపు సన్నాయి రాగం ఆలపిస్తుంటే డోలు ఎంత తగ్గి, ఎంత నిదానంగా నడిచిందో గమనించేవారు తక్కువ.

పెళ్లి ఊరేగింపులో మోగే బ్యాండు కథ వేరు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ తీరంలో తొలి వర్తక స్థావరం పెట్టుకున్నది మచిలీపట్నంలోనే. కంపెనీ పటాలాల వెంట వచ్చిన కవాతు డ్రమ్ములు కాలక్రమంలో పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళాల్లో స్థిరపడ్డాయి. పడమటి దేశాల్లో అవే డ్రమ్ములకు కాలితో తొక్కే పెడలు తగిలించి, ఒక్కడే కూర్చుని వాయించేలా కూర్చినది డ్రమ్ సెట్. మచిలీపట్నం వీధిలో బ్యాండు మేళం డ్రమ్ముకూ బిల్ వార్డ్ డ్రమ్ముకూ పుట్టిల్లు ఒకటే అన్నమాట.

డప్పు

ఈ వాద్యాలన్నింటిలో అతి బలమైనది, అతి తక్కువ గౌరవం పొందినది డప్పు. గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగించి కట్టిన ఈ వాద్యాన్ని రెండు పుల్లలతో వాయిస్తారు. కుడిచేతిలో పొట్టిగా మందంగా ఉండే సిర్ర, ఎడమచేతిలో సన్నగా పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల. సిర్ర దెబ్బకు బరువు, చిటికెన పుల్లకు చురుకు. రెండూ కలిసినప్పుడు ఒక మనిషి వాయించినా ఇద్దరు వాయించినట్టు వినిపిస్తుంది. మొదలుపెట్టే ముందు ఎండుగడ్డి మంట వేసి తోలు కాస్తారు. తేమ ఎక్కువైన దివిసీమలో ఈ కాచడం ఒకసారితో సరిపోదు. ఊరేగింపు ఆగిన ప్రతి చోటా మంట కావాలి. సరిగ్గా కాగిన డప్పు గంటలా ఖంగున మోగుతుంది. సడలినది దభీమంటుంది.

పెళ్లికి ఒక దరువు, చావుకు ఒకటి, జాతరకు ఒకటి, పీర్ల పండుగకు ఒకటి. దూరం నుంచి వినగానే ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పగలిగేవారు పాతతరంలో ఉండేవారు. దండోరా వేసిందీ డప్పే. పన్ను కట్టాల్సిన గడువు, సంత, సర్కారు హుకుం అన్నీ ఆ చప్పుడు వెంటే వచ్చేవి. మైకు కట్టిన ఆటో రాకముందు డెల్టా గ్రామానికి వార్తాపత్రిక అదే.

దీని వెనుక ఉన్న చేదును పక్కన పెట్టి డప్పు గురించి రాయడం తప్పు. తరతరాలుగా మాదిగలకు డప్పు కొట్టడం ఇష్టంతో ఎంచుకున్న కళ కాదు, ఊరు మోపిన వెట్టి. ఎవరింట చావు జరిగినా పిలిస్తే వెళ్లాలి; గుడి ముందు వాయించాలి, గుడిలోకి వెళ్లకూడదు. ఆ విద్యలో ఉన్న లయజ్ఞానాన్ని ఊరు రోజూ వాడుకుంది, ఏ రోజూ విద్య అని పిలవలేదు. అందుకే 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం తన పేరులోనే డప్పు మోతను పెట్టుకోవడం గొప్ప మలుపు. పనిగా మోపిన వాద్యం హక్కు అడిగే గొంతయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలనెలా పింఛను ఇస్తోంది; 2024 నుంచి అది 4,000 రూపాయలు. మృదంగానికి ఉన్న కళాశాలలు, పరీక్షలు, పట్టాలు డప్పుకు ఇంకా రావలసి ఉన్నాయి. దరువులను రాతలోకి, రికార్డుల్లోకి ఎక్కించే పని ఊరూరా జరగాలి. ముసలి చేతులతో పాటు పోయే దరువు వాద్య రత్నావళిలాగే మళ్లీ దొరకదు.

పేరు వినిపించిన చోటు

ఈ ప్రాంతపు లయకారుల పేర్లను క్రమం తప్పకుండా పలికిన సంస్థ ఆకాశవాణి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కచేరీ ప్రసారంలో గాయకుడి పేరుతో పాటు వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని చెప్పడం ఆ కేంద్రం పద్ధతి. గుడివాడలో కాఫీ హోటలు ముందు నిలబడినా, నాగాయలంకలో పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నా, రేడియో వినే మనిషికి పక్కవాద్యకారుడి పేరు అలా చెవిన పడింది. దండమూడి రామమోహనరావు వంటి మృదంగ విద్వాంసుల పేర్లు తెలుగు ఇళ్లలో నిలిచింది ఆ ప్రకటనల వల్లే. ఆయన శిష్యురాలు, భార్య నిడుమోలు సుమతి, మగవాళ్ల వాద్యమని ముద్రపడిన మృదంగంలో దశాబ్దాల పాటు వాయించి, 2021లో పద్మశ్రీ పొందారు. ఆమె పుట్టింది ఏలూరులో. ఆమె ఇంటిపేరులోని నిడుమోలు అనే ఊరు మాత్రం కూచిపూడి ఉన్న మొవ్వ మండలంలోనే ఉంది.